గట్టమ్మకు చెంబెడు నీళ్ళు

బుద్ధుణ్ణి గయ నుంచి శ్రీలంక దాకా లాగి, గుండుసూదికి పసుపుదారం ముడేసి, మిగిలింది పళ్ళతో కొరికి తెంపాడు పేరయ్య. గోడమీది ప్రపంచపటంలో క్రైస్తవానిది నీలం దారం, ఇస్లాంది ఆకుపచ్చ. సముద్రాలన్నీ దాటేసరికి పటం నవారు మంచంలా తయారైంది.

గుంటూరులో ఆ డిగ్రీ కాలేజీ చరిత్ర విభాగానికి పేరయ్య ముప్ఫయ్యొక్కేళ్ళుగా అటెండరు. పొట్టిమనిషి. సుద్దపొడికి కనుబొమలు కూడా నెరిసినట్టుంటాయి. కుడిభుజం ఎడమదానికంటే అంగుళం కిందికి ఉంటుంది. అది బెంచీలు మోసి కొంత, కుర్రతనంలో మిర్చియార్డులో టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, మోసి కొంత. ఇవాళ నెలాఖరు మంగళవారం, సాయంత్రం అయిదింటికి అతని ఉద్యోగం అయిపోతుంది. పదకొండింటికి తనిఖీ బృందం వస్తుంటే ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

"మతాలు ఎలా వ్యాపించాయి పేరయ్యా, చెప్పు చూద్దాం," అంది జ్ఞానప్రసూనాంబ మేడమ్. ఆవిడ శాఖాధిపతి. బృందం ముందు చెప్పాల్సింది పొద్దుటినుంచీ వల్లె వేసుకుంటోంది.

"దారాలతోనండి మేడమ్."

"వర్తకులతో, ఓడలతో, రాజులతో, ప్రచారకులతో."

పేరయ్య ఇంట్లో మాత్రం ఎక్కువగా జ్వరాలతో వ్యాపించాయి. టైఫాయిడ్ తగ్గాక అక్క ఆదివారాలు చర్చికి వెళ్ళడం మొదలెట్టింది. పేరయ్యకి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని కొడుక్కి ఆ బాబా పేరే, బాజీ అని పెట్టారు. ఆ బాజీ లెక్కల పరీక్ష గట్టెక్కినందుకు పేరయ్య కోటప్పకొండ మెట్లెక్కి గుండు కొట్టించుకున్నాడు. ఇన్ని దారాలు రెండు గదుల ఇంట్లోకి రావడానికి ఏ ఓడా అవసరపడలేదు.

కిటికీ దగ్గర బల్లకి మాత్రం దారమేదీ రాలేదు. దానిమీద జానెడున్నర నల్లరాయి, ముందొక కార్డు: "ప్రకృతి ఆరాధన. ఆదిమ విశ్వాసం. స్థలానికే పరిమితం. వ్యాపించదు."

పెదకాకాని దగ్గర ప్లాట్లు వేస్తూ పొక్లెయిన్ తోసేసిన మట్టిగుట్టలోంచి ఆ రాయిని పోయిన బుధవారం ఏరి ఆటోలో తెచ్చింది మేడమ్. దింపుతున్నప్పుడే పేరయ్య గుర్తుపట్టాడు. ఎడమవైపు పెచ్చు అతని నాన్న నాగలి తగిలి లేచింది. ఆ తప్పుకి నాన్న మూడు మంగళవారాలు ఉప్పులేని కూడు తిన్నాడు. అది వాళ్ళ పొలం గట్టమ్మ. మొదటి కోతలో తొలి గుప్పెడు పండుమిరపకాయలు ఆవిడ ముందు పెట్టనిదే అమ్మ గోతం మూతి విప్పేది కాదు. పొలం అమ్ముకున్నాక కూడా పేరయ్య మంగళవారం పొద్దున్నే సైకిలు మీద వెళ్ళి, చెంబెడు నీళ్ళు పోసి, పసుపు రాసి, అట్నించటే కాలేజీకి వచ్చేవాడు. ఇప్పుడు గట్టమ్మే కాలేజీకి వచ్చింది. రేపట్నించి తను రాడు. మరి నీళ్ళెవరు పోస్తారు?

"ఇదంతా అయ్యాక ఈవిణ్ణి నేను తీసుకెళ్తానండి మేడమ్," అని అడిగాడు.

"ఎవర్ని?"

"రాయినండి."

"స్టాకు రిజిస్టర్లో ఎక్కించేశానయ్యా. ఇంక అది కాలేజీ ఆస్తి. అయినా ఆ బరువు నీకెందుకూ?"

ఆ రిజిస్టర్లోకి వెళ్ళిన కుర్చీ నాలుగు కాళ్ళూ విరిగినా బయటికి రాలేదని దాన్ని దులిపే మనిషికి తెలియదా?

పదిన్నరకి మేడమ్ ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. వెళ్తూ మరోసారి చెప్పింది, రాయిమీద చెయ్యి వెయ్యొద్దని, ఆ పాత పసుపు పొరలే సాక్ష్యమని. సాక్ష్యం సంగతి నిజమే. వారంగా గట్టమ్మకి స్నానం లేదన్నదీ నిజమే. పేరయ్య సంచిలోంచి ఇత్తడి చెంబు తీశాడు.

మేడమ్ తిరిగొచ్చేసరికి బేసిన్లో నిలబడి గట్టమ్మ నిగనిగలాడుతోంది. ఒళ్ళంతా కొత్త పసుపు, ముందు మూడు పండుమిరపకాయలు.

"కడిగేశావా పేరయ్యా?"

"మంగళవారమండి."

"నా పరిశోధనంతా కాలవలో కలిపేశావు కదయ్యా."

"కాలవలో ఎందుకు పోస్తానండీ, తొక్కుతారు. గన్నేరు మొక్కకి పోశాను."

ఆవిడ కుర్చీలో కూలబడింది. తిట్టడానికి టైము లేదు, బృందం గుమ్మంలో ఉంది. వాళ్ళలో పెద్దాయన పటం చూశాడు, దారాలు మెచ్చుకున్నాడు, కిటికీ దగ్గరికొచ్చి కార్డు చదివాడు. "వ్యాపించదు" దాకా వచ్చేసరికి ఆయన కాళ్ళు బూట్లలోంచి బయటికి వచ్చేసి ఉన్నాయి. తనెప్పుడు విప్పాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

మూడింటికల్లా బల్లమీద రెండు చామంతులు, ఒక చాక్లెట్, ఎవరో అమ్మాయి హాల్‌టికెట్ జెరాక్సు చేరాయి. మేడమ్ కార్డు తీసి చాలాసేపు చూసి సొరుగులో పడేసింది.

అయిదింటికి శాలువా కప్పి, టిఫిన్ క్యారియర్ ఇచ్చారు. పేరయ్య గుమ్మం దాటుతుంటే మేడమ్ పిలిచింది.

"చెంబు మర్చిపోతున్నావు."

"మర్చిపోలేదండి," అని సైకిలెక్కాడు.

శనివారం మధ్యాహ్నం పెరుగన్నం తిని నడుం వాల్చిన పేరయ్యని సాయంత్రం టీకి లేపితే లేవలేదు. ఆ కబురు బాజీ మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాడు.

మంగళవారం మేడమ్ అరగంట ముందే వచ్చింది. హాజరుపట్టీలో సంతకం పెడుతున్న ఆవిడ గోళ్ళ చివర పసుపు ఎవరైనా చూశారేమో గానీ, అడగలేదు. కిటికీలో ఇత్తడి చెంబు బోర్లించి ఉంది, అంచున ఒక నీటిచుక్క ఇంకా జారకుండా పట్టుకుని.