వారం దాకా నీళ్ళు వద్దు

అక్కను ఆసుపత్రిలో చేర్చిన రోజునే ఆర్కిడ్ ఆఖరి పువ్వు కూడా రాలిపోయింది. సాయంత్రం అతను ఒక్కడే వచ్చి తాళం తీసేసరికి అది కిటికీ గట్టు మీద బోర్లా పడి ఉంది. అలాంటప్పుడు ఏం చెయ్యాలో అతనికి తెలియదు. అక్క ఉద్యోగ విరమణ నాడు తోటివాళ్ళు ఇచ్చిన మొక్క అది. నాలుగేళ్ళుగా దాని మంచీ చెడూ ఆమే చూసుకుంది. అతను వంటింట్లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి కుండీ నిండా పోశాడు. మర్నాడు ఉదయం మళ్ళీ పోశాడు. సాయంత్రం మళ్ళీ పోశాడు.

పందొమ్మిదో రోజున కూడా నీళ్ళు పోసి, ఎనిమిదింటికల్లా గిడ్డంగిలో తన బల్ల ముందు నిలబడ్డాడు. గాజు గ్లాసులు సర్దడం అతని పని. ఒక్కో గ్లాసును పలుచని కాగితం మీద పడుకోబెట్టి, ఒక చుట్టు చుట్టి, కాగితం కొసను బొటనవేలితో లోపలికి నొక్కి, అట్టపెట్టెలో నిలబెడతాడు. సందుల్లో కాగితపు తురుము కూరుతాడు. మూత అంటించాక పెట్టెను చెవి దగ్గరికి ఎత్తి ఊపుతాడు. ఏ మాత్రం చప్పుడు వినిపించినా విప్పి మళ్ళీ మొదటినుంచీ సర్దుతాడు. ముప్పై ఒక్క ఏళ్ళు నొక్కి నొక్కి ఆ బొటనవేలి గోరు పలకలా అరిగిపోయింది.

"బాబాయ్ కట్టిన పెట్టె మేడ మీంచి పడేసినా లోపల గ్లాసుకి నిద్రాభంగం కాదు," అంటుంది ఎదురు బల్ల ఆవిడ, ఎవరు కొత్తగా పనిలో చేరినా. అతనికి దొరికిన మెప్పు అదొక్కటే. అదే చాలనుకునే మనిషి.

ఆవేళ ఆమె తురుము బస్తా అందిస్తూ, "మీ అక్కగారికి ఎలా ఉంది బాబాయ్?" అని అడిగింది.

"వచ్చేవారం పంపించేస్తామన్నారు. ఆకులు మాత్రం పసుపెక్కిపోతున్నాయమ్మా."

"ఆకులేంటి?"

"మొక్కవి."

ఆమె నవ్వు ఆపుకుంది. అతని మొహం చూసి, వీధి మలుపులో మొక్కలమ్మే ఆవిడను అడగమని చెప్పింది.

మధ్యాహ్నం భోజనం వేళ అతను తిండి మానేసి అక్కడికి వెళ్ళాడు. మొక్కలావిడ చేతులకు అంటిన మట్టి దులుపుకుంటూ అంతా విన్నది.

"రోజూ పోశావా? రెండు పూటలా? దానికేమైనా ఈత నేర్పిద్దామనుకున్నావా అన్నయ్యా?"

అతను తల వంచుకున్నాడు.

"అక్క వచ్చేసరికి బతికి ఉండాలమ్మా. పువ్వులు లేకపోయినా ఫర్వాలేదు."

ఆమె లోపలికి వెళ్ళింది. ఒక సంచిలో చెట్టు బెరడు ముక్కలు పోసి ఇచ్చి, ఏం చెయ్యాలో చెప్పింది. కుండీ బోర్లించి, మెత్తబడి నల్లబడిన వేర్లు కత్తిరించెయ్యాలి. గట్టిగా ఉన్నవి ఉంచాలి. మట్టి వెయ్యకూడదు, ఈ ముక్కలే వెయ్యాలి. ఎంత బిగువుగా నింపాలో అతను అడగలేదు. నింపడం గురించి ఒకరిని అడగవలసిన అవసరం అతనికి ఎన్నడూ కలగలేదు.

నాలుగింటికి ఇంటికి వచ్చి బల్ల మీద పాత పేపరు పరిచాడు. కత్తెరను స్టవ్ మంట మీద కాల్చి చల్లార్చాడు. కుండీ బోర్లించగానే ముక్కిన వాసన వచ్చింది. వేర్లు తడిసిన దారాల్లా చేతికి ఊడి వచ్చాయి. కత్తిరిస్తూ పోతే చివరికి నాలుగు మిగిలాయి. ఆ నాలుగింటి చుట్టూ బెరడు ముక్కలు పేర్చి, పెన్సిలుతో సందు సందుకీ కూరి, బొటనవేలితో నొక్కాడు. ఆకు పట్టుకుని లాగినా మొక్క కదలలేదు. కుండీని చెవి దగ్గరికి ఎత్తి ఊపాడు. చప్పుడు లేదు. పందొమ్మిది రోజుల్లో ఒక పని సరిగ్గా చేశాననిపించింది.

ఆ ధైర్యంతోనే ఐదున్నరకు వార్డులో అక్క మంచం పక్కన కూర్చున్నాడు. అక్క చేతి మీద సూది గుచ్చిన చోటల్లా నల్లగా కమిలి ఉంది.

"అక్కా, ఒక మాట. పువ్వులు ఉన్నాయని రోజూ చెప్పానే. లేవు."

"తెలుసులే."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఉన్నాయి అన్నప్పుడల్లా ఆ నీళ్ళ సీసా వైపు చూస్తావు. చిన్నప్పుడూ అంతే, అబద్ధం చెప్పి గోడ చూసేవాడివి."

అతను జరిగిందంతా చెప్పాడు. కత్తిరించిన వేర్ల సంగతి, నింపిన తీరు, ఊపితే చప్పుడు రాకపోవడం. చెబుతుంటే అతని గొంతులో కొంచెం గర్వం కూడా వచ్చింది. అక్క నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. అతను ఆమె వీపు పట్టుకున్నాడు. ఆసుపత్రి చొక్కా కింద ఎముకలు లెక్కపెట్టేలా తగిలాయి.

"మొక్కను నాటావా, పార్సిల్ కట్టావురా? ఎవరికి పంపుతున్నావు దాన్ని?"

"కదలకుండా ఉంటుందని..."

"ఊపిరాడొద్దూ దానికి? వేర్లకి గాలి తగలాలి. ఇంటికెళ్ళి విప్పు. వదులుగా వెయ్యి."

"పక్కకి ఒరిగిపోతుందేమో."

"ఒరగనీ. అదే సర్దుకుంటుంది."

"నీళ్ళో?"

"వారం దాకా వద్దు. కోసిన చోట మానాలి. ఆ తర్వాత నేనొచ్చి పోస్తాను. నువ్వు మాత్రం చెంబు ముట్టుకోకు. నీ చేతికి ఆపడం తెలీదు."

వేళ అయిపోయిందని నర్సు వచ్చి చెప్పింది. అక్క దుప్పటి సర్దబోతే, "దాన్ని కూడా బిగించెయ్యకు," అంది. ఇద్దరూ నవ్వారు.

అతను ఇంటికి వచ్చీ రాగానే చెప్పులైనా విడవకుండా కుండీ విప్పాడు. ముక్కల్ని తిరిగి పోశాడు, ఈసారి నొక్కలేదు. బొటనవేలు అలవాటు కొద్దీ కిందికి దిగుతుంటే రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మొక్క ఎడమవైపుకి ఒరిగింది. కుండీని ఎత్తి ఊపాడు. లోపల ముక్కలు గలగలలాడాయి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ చప్పుడు విన్న ప్రతిసారీ విప్పి మళ్ళీ సర్దాడు. ఆ సాయంత్రం మాత్రం దాన్ని అలాగే తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకు ఆఫీసు గుమస్తా అతని బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ దూరం నుంచే కేకేసే మనిషి. అంత దూరం నడిచి వచ్చి, "ఆసుపత్రి నుంచి ఫోను," అని, అక్కడే నిలబడిపోయాడు. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. అతని చేతిలో సగం చుట్టిన గ్లాసు ఉంది. దాన్ని పూర్తిగా చుట్టి, కొస నొక్కి, పెట్టెలో నిలబెట్టాడు. తర్వాత బల్ల అంచు పట్టుకున్నాడు. ఎదురు బల్ల ఆవిడ వచ్చి ఆ పెట్టెను తన వైపుకి జరుపుకుంది.

అక్క అంత్యక్రియలకు చేయవలసినవన్నీ చేశాడు. అయిదో రోజు పనిలోకి వెళ్ళాడు. గిడ్డంగి నుంచి వస్తుంటే మొక్కలావిడ పిలిచి, "ఎలా ఉంది అన్నయ్యా?" అంది. "ఒరిగింది కానీ ఉందమ్మా," అన్నాడు. "ఈ వారం గడిచాక కాసిని నీళ్ళు పొయ్యి మరి." అతను తలూపాడు. మిగతాది ఆమెకు తెలియదు. అతనూ చెప్పలేదు.

వారం గడిచిన రోజున, కిటికీ పక్క అలమరలో అక్క కళ్ళజోడు పెట్టె పక్కన ఒక చిన్న ప్లాస్టిక్ గ్లాసు కనిపించింది. దాని మీద, అడుగు నుంచి రెండు వేళ్ళ ఎత్తున, నల్ల పెన్నుతో గీసిన గీత. అక్క పోసే నీళ్ళు అంతే అన్నమాట. నాలుగేళ్ళుగా అది అతని కళ్ళ ముందే ఉంది. ఒక్క రోజైనా ఇదేమిటని అడగలేదు.

ఆ రోజు గ్లాసులో సరిగ్గా గీత దాకా నీళ్ళు పట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు నిలబడ్డాడు. మొక్క ఆకులు ముడుతలు పడుతున్నాయి. గ్లాసును కుండీ పక్కన పెట్టి పనికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పట్టాడు. ఆ మర్నాడూ అంతే.

వేర్లు కత్తిరించి ఇవాళ్టికి పన్నెండో రోజు. గీత దాకా నిండిన గ్లాసు కుండీ పక్కనే ఉంది. మొక్కకు ఇంకా నీళ్ళు పోయలేదు.