కళ్ళం కంట్రాక్టరమ్మ

గంగరత్నం కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తోంది. ఒంట్లో బాగాలేక కాదు, పనే అది. ఉడకబెట్టిన వడ్లు సిమెంటు కళ్ళం మీద పల్చగా పరిచి ఉంటాయి. ఆడవాళ్ళు వరసగా దిగి, పాదాలతో చాళ్ళు తీసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకి పోవాలి. పాదం పైకెత్తితే అడుగునున్న గింజ అడుగునే ఉండిపోయి చెమ్మ పట్టి పాచివాసనేస్తుంది. అందుకని మడమతో తోస్తూ, వేళ్ళతో తిరగేస్తూ, నేల వదలకుండా నడవాలి. ఇన్నేళ్ళు అలా నడిచి నడిచి ఆమె బజార్లోనూ అలాగే నడిచేది. "ఏంటే గంగరత్నం, తెనాలి రోడ్లు కూడా దున్నేస్తావా?" అని కూరలమ్మేవాళ్ళు నవ్వేవాళ్ళు. "దున్నుతా, నారు నువ్వు పొయ్యి," అనేసి పోయేది.

పొడుగాటి మనిషి. ఎండకి మాడి మాడి రంగు ఇదని చెప్పే వీల్లేకుండా అయిపోయింది. చెమటకి మెడంతా ఊక అంటుకుని ఉంటుంది. అరికాళ్ళయితే చెప్పనక్కర్లేదు, వేసవి మధ్యాహ్నం ఆ సిమెంటు మీద కుక్క కూడా నిలబడదు, ఆమె నిలబడి ఆకూ వక్కా వేసుకునేది.

ఆమెది బాపట్ల దగ్గర సూర్యలంక. మొగుడు సింగయ్య వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ చెక్కలు కొట్టుకొచ్చాయి గాని మనిషి రాలేదు. ఏడిస్తే పొయ్యి రాజుకోదు గదా! ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని రైలెక్కి తెనాలి వచ్చి వీధులన్నీ తిరిగేది. ఒకరోజు ఈ రైసుమిల్లు గోడ పక్కన పోతుండగా మబ్బు కమ్మింది. లోపల కళ్ళం నిండా వడ్లు, ఆడవాళ్ళు కేకలేసుకుంటూ కుప్ప చేస్తున్నారు. గంప గోడకి ఆనించి, ఎవరూ పిలవకుండానే లోపలికి ఉరికి వడ్లు తోసింది. చినుకు పడేలోపల కుప్ప మీద పట్టా పరిచారు. "రేపట్నుంచి పనికి రా," అన్నాడు గుమాస్తా సాంబశివరావు. ఎండుచేపల్ని ఆ వానలో ఎవరూ చూసుకోలేదు. కుక్కలు పండగ చేసుకున్నాయి.

మరి ఆమె కంట్రాక్టరు ఎట్లా అయిందంటే, అదొక కథ. కొన్నేళ్ళ కిందట సాంబశివరావే పిలిచి, "గంగరత్నం, ఇకనుంచి కళ్ళం కంట్రాక్టు నీది. శనివారం అందరి కూలి నీ చేతిలో పెడతాం, నువ్వే పంచు. నువ్విప్పుడు కంట్రాక్టరమ్మవి," అన్నాడు. పిచ్చిది, ఎంత సంబరపడిందని! ఆ సాయంత్రం తన గుడిసె చుట్టుపక్కల పిల్లలందరికీ బెల్లంముక్కలు పంచిపెట్టింది. మర్నాడు పొద్దున మళ్ళీ అవే వడ్లు, అదే ఎండ, అందరితోపాటు అదే కూలి. పేరు గొప్ప ఊరు దిబ్బ. అయినా ఎవరన్నా కంట్రాక్టరమ్మా అని పిలిస్తే ఆమె వెనక్కి తిరిగేటప్పుడు మెడ కాస్త నిటారుగా లేచేది. ఆ మాట దాచడం దేనికి?

ఆ పేరు ఎందుకు పెట్టారో డెబ్బై మూడో సంవత్సరం ఎండాకాలంలో బయటపడింది. కరెంటు కోతలు. వారంలో సగం రోజులు మిల్లు మూగపోయేది. పని లేని రోజులకి లోపల మిషన్ల దగ్గర మగవాళ్ళకి సగం కూలి ఇచ్చారు, చట్టం అట. కళ్ళం ఆడవాళ్ళకి చిల్లిగవ్వ లేదు. "మీరు మిల్లు మనుషులు కాదు, కంట్రాక్టరు మనుషులు," అన్నారు. ఆ మాటతో పస్తులు మొదలయ్యాయి. ముసలి జ్ఞానమ్మ నూకల జావతో రోజులు నెట్టుకొస్తూ, మొన్న కళ్ళం మీదే కళ్ళు తిరిగి వడ్లలో పడిపోయింది. లేపితే, "ఎండకమ్మా," అంది. ఎండ కాదని అందరికీ తెలుసు.

పాలిషు మిషను దగ్గర పనిచేసే వరప్రసాదానికి సగం కూలి వచ్చింది. కళ్ళంలో పనిచేసే అతని భార్య సుందరమ్మకి రాలేదు. ఒకే గడప, ఒకే మిల్లు, ఒకే కరెంటు! అతను యూనియన్ వాళ్ళచేత అర్జీ పెట్టించాడు. ఇవాళ మధ్యాహ్నం గుంటూరు నుంచి లేబరాఫీసరు వస్తున్నాడు.

అందుకే పొద్దున్నే సాంబశివరావు కళ్ళం గట్టు దాకా వచ్చాడు. ఎండలోకి రాని మనిషి, నెత్తిన తువాలు వేసుకుని మరీ వచ్చాడు.

"గంగరత్నం, ఇట్రా. ఆఫీసరు ఏవడిగినా ఒక్క ముక్క చెప్పు. వీళ్ళంతా నా మనుషులు, నేనే పెట్టుకున్నా అని. అంతే."

"అంతేనాండి?"

"అంతే. మిల్లు వెనక గది ఖాళీగా ఉందిగా, పెంకుటిది. షావుకారుగారు నీకిమ్మన్నారు. కాలవగట్టున ఆ గుడిసెలో ఎన్నాళ్ళని తడుస్తావు?"

గంగరత్నం ఆ గదివైపు చూసింది. ఆశ పుట్టలేదంటే అబద్ధం. కిందటేడు వానల్లో నెత్తిన తట్ట బోర్లించుకుని కూర్చున్న రాత్రులు ఆమెకి గుర్తున్నాయి.

"ఒక్క మాటండి. ఈళ్ళు నా మనుషులైతే, ఈళ్ళ సగం కూలి ఎవరియ్యాలండి?"

సాంబశివరావు తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "అది నువ్వూ వాళ్ళూ చూసుకోవాలి. మిల్లుకేం సంబంధం?"

గంగరత్నానికి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఉన్నవి రెండు కోకలు, ఒకటి కట్టుకుంటే ఒకటి ఆరేసుకునే మనిషి, ఊళ్ళో ఆడవాళ్ళకి సగం కూలి ఇవ్వాలట! ఎవరి బరువు ఎవరి నెత్తిన ఎక్కించారో అప్పటికి పూర్తిగా తెలిసొచ్చింది.

"నవ్వు తర్వాత. చెప్తావా లేదా? లేకపోతే నీ చోటు నీకుండదు, చూసుకో," అని అతను నీడలోకి వెళ్ళిపోయాడు.

ఆమె మళ్ళీ చాల్లోకి దిగింది. పక్క చాల్లో సుందరమ్మ ఓరగా చూసింది.

"గది ఇస్తానన్నాడంటగా పెద్దమ్మా."

"అన్నాడు."

"తీసుకుంటావా?"

"తీసుకునేముందు నీ దగ్గర సెలవు తీసుకోవాలా ఏంటే?" అని కసిరింది గంగరత్నం. సుందరమ్మ మొహం తిప్పుకుంది. ఆ పూటంతా ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. మంచినీళ్ళ ముంత కూడా ఆమె దగ్గరికొచ్చేసరికి ఖాళీ అయింది. గంగరత్నానికి బాధేసింది, కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్ళు పక్కపక్కన నడిచినవాళ్ళు తను ఒక్క గదికి అమ్ముడుపోతుందనుకున్నారా? కాని ఏం చెప్పాలో ఆమెకీ అప్పటికి తెలియదు. ఆఫీసరు చదువుకున్నవాడు, సాంబశివరావు మాటకారి, తన మాట వాళ్ళ మధ్య ఎంతసేపు నిలబడుతుంది?

మధ్యాహ్నం దాటాక రిక్షా దిగాడు ఆఫీసరు. బక్కపల్చటి మనిషి, కళ్ళద్దాలు, చంకలో సంచి. వరండాలో బల్ల వేశారు, సోడా తెప్పించారు. గంగరత్నాన్ని పిలిచారు. ఆమె మెట్ల దగ్గర కాళ్ళు దులుపుకుంటుంటే సాంబశివరావు లోపల్నుంచి పేము కుర్చీ ఒకటి తనే మోసుకొచ్చి, పైపంచెతో తుడిచి, ఆఫీసరుకి ఎదురుగా వేశాడు.

"కూర్చోండి కంట్రాక్టరుగారూ!"

వరండా కింద నిలబడ్డ ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టారు. మిల్లు మెట్లెక్కిన ఆడకూలి ఇంతవరకు లేదు, కుర్చీ సంగతి సరేసరి. గంగరత్నం ఆ కుర్చీని చూసింది, సాంబశివరావుని చూసింది, వచ్చి స్తంభం పక్కన నేల మీద చతికిలబడింది.

"కుర్చీలో కూర్చోమ్మా," అన్నాడు ఆఫీసరు.

"వద్దు బాబూ. అలవాటు లేని చోట కూర్చుంటే నడుం పట్టుద్ది."

"సరే. ఈ ఆడవాళ్ళని పనిలో పెట్టుకున్నది నువ్వేనా? నువ్వు కంట్రాక్టరువా?"

సాంబశివరావు దగ్గాడు. కింద జ్ఞానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గంగరత్నం చూపు గేటు దాకా పోయి వచ్చింది.

"నోటితో చెప్తే ఎవరో చెప్పించారంటారు. పని వదిలే గంట కొట్టే వేళయింది బాబూ. కాసేపు ఆ గేటు కాడికొచ్చి నిలబడండి. ఆ తర్వాత మీరే చెప్పండి నేనెవరో."

"ఆఫీసరుగారికి వేరే పని లేదా?" అన్నాడు సాంబశివరావు. అలా అనకుండా ఉంటే ఆఫీసరు లేచేవాడు కాదేమో. అనేసరికి కళ్ళద్దాలు సర్దుకుని లేచాడు.

గంట కొట్టారు. గేటు దగ్గర కావలి మస్తానయ్య తన చోట నిలబడ్డాడు. ముందుగా గోనెసంచుల కంట్రాక్టరు కోటయ్య సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. మస్తానయ్య సలాం కొట్టాడు. అతను తలాడించి వెళ్ళిపోయాడు. తర్వాత ఆడవాళ్ళ వరస. ఒక్కొక్కరే ఆగి, కొంగు విప్పి, జాడించి దులిపి, ఒడి చూపించి దాటుతున్నారు. గింజలు దాచుకుపోతారేమోనని మిల్లు పెట్టిన నాటి నుంచి ఉన్న ఆనవాయితీ. ఎండిన పొలుసుల్లాంటి వడ్లు నాలుగు రాలితే మస్తానయ్య వాటిని ఏరి డబ్బాలో వేస్తాడు. జ్ఞానమ్మ కూడా దులిపింది.

చిట్టచివర గంగరత్నం. సాంబశివరావు గట్టిగా దగ్గాడు. కళ్ళెగరేశాడు. మస్తానయ్యకి దగ్గుకీ హెచ్చరికకీ తేడా తెలియదు పాపం. ఏళ్ళ తరబడి రోజూ అన్న మాటే అన్నాడు.

"కొంగు, రత్నమ్మా."

గంగరత్నం కొంగు విప్పింది. సముద్రం ఒడ్డున వల విదిలించినట్టు బలంగా ఒక్క విసురు విసిరింది. ఊక రేగి ఆఫీసరు కళ్ళద్దాల మీద పడింది.

"ఒడి కూడానమ్మా," అన్నాడు మస్తానయ్య.

ఒడి కూడా దులిపింది. అప్పుడు తిరిగింది ఆఫీసరు వైపు.

"చూశారాండి? ఇందాక పోయినాయన కంట్రాక్టరు. ఆయన పంచె దులిపించారాండి? సలాం కొట్టారు. మరి నేనూ కంట్రాక్టర్నే గదా, నా కొంగెందుకు దులిపించారు? ఇన్నేళ్ళూ దొంగని చూసినట్టు చూశారు. పోన్లే, కూలిదాన్ని గదా అని దులిపాను. కూలిదాన్నైతే కూలిదానికి రావాల్సింది ఇయ్యండి. అనుమానానికి మాత్రం మిల్లు మనిషిని, అన్నం కాడికొచ్చేసరికి కంట్రాక్టర్నా? ఇదెక్కడి న్యాయమండి?"

దాటి వెళ్తున్న ఆడవాళ్ళంతా గేటు బయట ఆగిపోయారు. ఆఫీసరు కళ్ళద్దాలు తుడుచుకుని మస్తానయ్యని అడిగాడు. "రోజూ ఇంతేనా?"

"రోజూనండి. ఆడోళ్ళందరికీ అదే రూలండి. రత్నమ్మకీ అంతేనండి," అన్నాడు మస్తానయ్య గర్వంగా. తన డ్యూటీలో లోపం లేదని చెప్పుకునే అవకాశం ఎన్నాళ్ళకి దొరికింది! అప్పుడు సాంబశివరావు మొహం చూసి నోరు మూసుకున్నాడు.

సాంబశివరావుకి కోపంతో ఒళ్ళు తెలియలేదు. "ఎంత పొగరే నీకు! అన్నం పెట్టిన చేతినే కరుస్తావా? రేపట్నుంచి నువ్వు పనిలో లేవు. ఈ గేట్లో అడుగుపెట్టావంటే..."

గంగరత్నం గలగలా నవ్వింది. పొద్దున నవ్విన నవ్వు కాదది.

"రాసుకోండి బాబూ, రాసుకోండి. పన్లోంచి తీసేశారు నన్ను. కంట్రాక్టర్నయితే ఎట్టా తీసేస్తారండి? మిల్లు మనిషినని ఆయనే ఒప్పుకున్నారు!"

గేటు బయట ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరస పొడుగునా పాకింది. ముసలి జ్ఞానమ్మ కూడా బోసినోటితో నవ్వింది. ఆఫీసరు నవ్వలేదు గాని, సంచి లోంచి కలం తీసి నిలబడే రాసుకున్నాడు.

సుందరమ్మ పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "పెద్దమ్మా, పొద్దున నిన్ను... రేపు మేమెవరమూ పన్లోకి రాం!"

"నోర్ముయ్యవే. మీరు రాకపోతే వాళ్ళకి పండగ, కొత్తోళ్ళని పెట్టుకుంటారు. పొద్దున్నే అందరూ రండి. వడ్లు తిరగెయ్యండి. సగం కూలి చేతిలో పడేదాకా కళ్ళం వదలమాకండి."

"మరి నువ్వో?"

"నాకేం? రేపల్లెలో మా చెల్లెలు రత్తాలుంది. పొలం పనులకి మనుషులు దొరక్క ఏడుస్తా ఉంటది. రావాల్సింది అడగడానికి ఈ గేట్లోకే వస్తా. ఎవరాపుతారో చూస్తా."

ఆమె గుడిసెకి పోయి రెండో కోక మూట కట్టుకుని, రేపల్లె బండి అందుకుంది. ప్లాట్‌ఫారం మీద అలాగే నేలని దున్నుకుంటూ నడిచి పెట్టె ఎక్కింది. వెనక్కి చూడలేదు. ఏడ్చిందేమో, ఎవరూ చూడలేదు.

కళ్ళం ఆడవాళ్ళకి సగం కూలి వానలు పడేలోపల వచ్చింది. గంగరత్నానికి రావాల్సింది మిల్లు నుంచి సుందరమ్మ పోట్లాడి ఇప్పించుకుని, రేపల్లె వెళ్ళి ఆమె చేతిలో పెట్టొచ్చింది. అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం మాత్రం ఆఫీసరు రిక్షా కదిలాక, మిల్లు గేటు మూసేశారు. సాంబశివరావు లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపల పెట్టమని ఎవరూ చెప్పలేదు గనక, వరండాలో తుడిచి వేసిన పేము కుర్చీ వేసిన చోటే ఉండిపోయింది.