దారికి అడ్డంగా కొమ్మ

టింట్స్వాలో అనే ఆ పిల్ల చేతిలో సన్నటి పుల్ల ఒక్కటే ఉంది. వెనకాల ఖజముల తాత, చంకలో పరీక్ష కాగితం బిగించిన అట్ట. అతిథుల్ని జీపుల్లో తిప్పే ఆ ప్రైవేటు అడవిలో ముప్ఫై ఏళ్ళుగా జంతువుల జాడలు చదువుతున్న మనిషి. ఇవాళ ఆమె చిరుతని చూపించగలిగితే జీపు ముందు బానెట్ మీద జాడ చూసేవాళ్ళు కూర్చునే కుర్చీ ఆమెది. లేకపోతే మళ్ళీ వానలు వెళ్ళాకే పరీక్ష. అప్పటిదాకా అతిథుల వంటశాలలో గిన్నెలు.

"ఏం పిల్లా, జాడ చూస్తున్నావా, పడిపోయిన చెవిపోగు వెతుకుతున్నావా?"

"మీరిలాగే మాట్లాడండి తాతా. చిరుతే విసుగెత్తి బయటికొస్తుంది."

ఎండిన వాగు ఇసుకలో ఆడ చిరుత అడుగులు దొరికాయి. తెల్లవారుజామున మంచుకి తడిసిన ఇసుక మీద పడ్డవి. జాడ తొక్కకుండా పక్కగా నడుస్తూ, పుల్లతో గీతలు గీస్తూ రాళ్ళగుట్ట వైపు వంద గజాలు వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

"గుట్ట అదిగో. ఆగావేం?"

"చూడండి. గుట్టకి వెళ్ళేటప్పుడు ముందుకాళ్ళు లోతుగా దిగాయి. వచ్చేటప్పుడు తేలిగ్గా. మళ్ళీ లోతుగా, మళ్ళీ తేలిగ్గా. పిల్లల్ని నోట కరుచుకుని చోటు మారుస్తోంది."

"వేటేమో?"

"వేటని రెండుసార్లు మోస్తుందా? చివరి జాడ వెనక్కి పోయింది, మూడోదానికోసం. మనం దాని దారిలో నిలబడి ఉన్నాం తాతా. మనిషి అలికిడైతే పిల్లతో ఇటు రాదు."

ఖజముల చతికిలబడి జాడలో వేలు పెట్టి లోతు చూశాడు.

"నా కంటికి ఆనలేదు," అన్నాడు లేస్తూ. "కానీ ఈ కాగితంలో 'జంతువు కనబడిందా' అని ఒకటే గడి. అబద్ధం రాయలేను."

ఆమెకి జిడ్డు గిన్నెల గుట్ట కళ్ళముందు మెదిలింది.

"రాయొద్దు. నేను మాత్రం ముందుకి వెళ్ళను."

అతను గడిలో అడ్డగీత కొట్టాడు. ఇద్దరూ గాలి వాటం చూసుకుని, చుట్టు తిరిగి జీపుల దారిలోకి వచ్చారు.

దారికి అడ్డంగా కొమ్మ పడి ఉంటే ఆ అడవిలో ఎంత గొప్ప అతిథి ఎక్కిన జీపైనా వెనక్కి తిరగాల్సిందే. ఆ కొమ్మ పెట్టే హక్కు పరీక్ష నెగ్గిన జాడగాళ్ళది. ఖజముల పచ్చి కొమ్మ ఒకటి విరిచాడు, వంగబోయాడు, ఆగి ఆమె చేతికిచ్చాడు.

"నేను తప్పాను కదా తాతా?"

"తప్పావు. కాస్త మధ్యకి జరిపి పెట్టు, డ్రైవర్లకి కనబడాలి."