రింకులో మిగిలిన ఒక్క పెట్టె

మా ఊళ్ళో గనుల యూనివర్సిటీ వాళ్ళు మంచు మీద హాకీ ఆడే రింకులో, ఆ యూనివర్సిటీ జట్టు మీదే, గనిలో పనిచేసే మావాళ్ళ తరఫున గెలుపు గోలు కొట్టినవాణ్ణి నేనే. ఎదురొచ్చిన ముగ్గురిని తప్పించుకుని, నాలుగోవాడి తల మీదుగా దూకి, కాళ్ళు ఇంకా గాలిలో ఉండగానే కొట్టాను. ఆ అదురుకు పైకప్పు దూలాల మీది మంచు ఊడి వాళ్ళ గోల్‌కీపరు నెత్తిన పడింది. నమ్మకపోతే మానేయండి. ఆ రింకు నడిమధ్యన, మంచు అడుగున, కాఫీ కెటిల్ అడుగంత గుండ్రటి మచ్చ ఒకటి ఇప్పటికీ ఉంది. నా గోలుకూ ఆ మచ్చకూ ఏ సంబంధమూ లేదు. కానీ నేను చెప్పబోయేది ఆ మచ్చ సంగతే.

నా పేరు తౌనో. ఆ రింకులో నీళ్ళు పోసేవాణ్ణి. ఇప్పటిలా యంత్రాలు లేవు. చక్రాల్లేని మంచు బండి మీద పీపా పెట్టి, దాన్నిండా వేడినీళ్ళు నింపి, వెనకాల తడిగోనె ఈడ్చుకుంటూ నేనే లాగేవాణ్ణి. వేడినీళ్ళయితే పాత గీతల్ని కరిగించుకుని వాటితో పాటే గడ్డకడతాయి. అడుగున మట్టినేల. కిటికీలు తెరిస్తే పెద్ద సరస్సు మీది గాలి లోపలికొచ్చి మిగతా పని చేసిపెట్టేది.

ఆ రింకును విద్యార్థులే కట్టుకున్నారు, గనిలో పనికిరాక పారేసిన దుంగలతో. ఫ్లూ వచ్చిన ఏడాది అందులో మంచాలు వేశారు. యుద్ధం వచ్చినప్పుడు కుర్రాళ్ళ చేత కవాతు చేయించారు. ఎండాకాలం పట్టాలు పంచేదీ అక్కడే, సర్కస్ ఎలుగుబంటిని ఆడించిందీ అక్కడే. ఒక ఏడు రెండూ ఒకే రోజున పడ్డాయని, తొందరలో ఎలుగుబంటికి కూడా పట్టా ఇచ్చేశారని మావాళ్ళు చెప్పుకుంటారు. అది బాగానే చదువుకుందట.

శవాలు పెట్టింది మాత్రం ఒక్క చలికాలమే.

ఆ జనవరిలో గని అడుగున, కప్పు కూలకుండా నిలబెట్టిన దుంగలు అంటుకున్నాయి. పైకి తేగలిగిన వాళ్ళను తెచ్చారు. బతికున్నవాళ్ళెవరూ లేరు. మా దగ్గర చలికాలంలో గొయ్యి తవ్వలేం. గునపం దెబ్బకు నిప్పులు రాలతాయి తప్ప మట్టి లేవదు. చలికాలంలో చచ్చిపోయినవాళ్ళు నేల మెత్తబడేదాకా శ్మశానంలోని రాతిగదిలో ఉండాల్సిందే. మామూలు ఏడాదికి ఆ గది చాలు. ఆ ఏడు చాలలేదు. యూనివర్సిటీవాళ్ళు ఆటలు మానుకుని రింకు ఇచ్చారు. నేను మంచు మీద పలకలు పరిచి కిటికీలన్నీ తెరిచాను. పెట్టెలు వరసగా పెట్టాం.

ఒక్కణ్ణి తప్ప అందరినీ గుర్తుపట్టారు. మంట ఆరకపోతే కంపెనీవాళ్ళు ఆ సొరంగానికి అడ్డంగా గోడ కట్టేశారు. గోడ వెనక ఒకడు ఉండిపోయాడు. గోడ ఇవతల, మా రింకులో, పేరు లేనివాడు ఒకడు ఉన్నాడు. వాళ్ళిద్దరిలో ఒకడు రెయినో, ఒకడు ఓన్ని. ఎవరు ఎక్కడున్నారో తెలియలేదు.

రెయినో భార్య హిల్యా. ఓన్ని తల్లి సైమా, మా అందరికీ పెద్దమ్మ. ఇద్దరూ విడివిడిగా వచ్చి చూశారు. ఇద్దరూ ఒకే మాట అన్నారు.

"ముందు పన్ను లేదు. మావాడే."

మా ఊళ్ళో పన్ను చూసి మనిషిని గుర్తుపట్టడమంత తెలివితక్కువ పని ఇంకొకటి ఉండదు. రెయినో పన్నూ, ఓన్ని పన్నూ ఆ రింకులోనే ఊడాయి, హాకీ ఆడుతూ. నావి రెండు పోయాయి. మా పాస్టరు గారు ప్రార్థనలో ఈల వేస్తున్నట్టు మాట్లాడటానికి కారణం కూడా ఆ రింకే. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఒడ్డూ పొడుగూ. మిగతాదంతా మంట తినేసింది.

కంపెనీ మేనేజరు వచ్చి, "ఎవరో ఒకరి పేరు చెప్పండమ్మా, మూత బిగించాలి," అన్నాడు. ఇద్దరూ చెప్పారు. పేరు రాయకుండానే బిగించి పోయాడు.

మావాళ్ళలో పూడ్చేదాకా శవాన్ని ఒంటరిగా వదలరు. పక్కన ఒకరు కూర్చుని కాఫీ తాగుతుండాలి. ఇరుగూ పొరుగూ అందరూ వంతులేసుకుని వచ్చేవాళ్ళు. ఆ పెట్టె దగ్గర మాత్రం వంతుల్లేవు. అటు తల దగ్గర సైమా, ఇటు కాళ్ళ దగ్గర హిల్యా. ఎవరి కెటిల్ వాళ్ళదే.

"కెటిల్ మంచు మీద పెట్టకు పెద్దమ్మా, గుంట పడుతుంది," అన్నాను మొదటి రోజు.

"పడితే నీళ్ళు పొయ్యి. నీ పని అదే కదరా," అంది సైమా.

"ఈ ఏడు ఆటే లేదుగా తౌనో, ఎవడు జారిపడతాడని నీ బెంగ?" అంది హిల్యా.

ఆ రోజు వాళ్ళిద్దరూ ఒకే పక్క మాట్లాడారు. తర్వాత చాలావరకు ఇలా ఉండేది:

"మా ఆయన తల దగ్గర్నించి లే పెద్దమ్మా."

"మీ ఆయన గోడ వెనకాల ఉన్నాడే. అక్కడికెళ్ళి కూర్చో."

"నోరు మంచిదయితే ఊళ్ళో నీతో నలుగురు మాట్లాడేవాళ్ళు."

"నిన్నగాక మొన్న కాపురానికొచ్చావు. నీకేం తెలుసే? నేను కన్నాను వీణ్ణి."

"కన్నావు సరే. చొక్కా లేకుండా నీ కొడుకుని చూసి ఎన్నేళ్ళయింది? నేను మా ఆయన్ని రోజూ చూశాను."

"చూసిందానివి చెప్పు మరి. ఏం చూసి గుర్తుపట్టావు?"

"కాలిపోయింది కదా పెద్దమ్మా," అంది హిల్యా. "గుర్తులన్నీ కాలిపోయాయి." మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. సైమా తన కెటిల్లోంచి కాఫీ వంపి ఆమె ముందు పెట్టింది.

"తాగు. నువ్వెంత ఏడ్చినా వీడు మావాడే."

ఒకరోజు ఇద్దరూ నా మీద పడ్డారు. "ఒరే, నువ్వు ఇద్దరితోనూ ఆడావు కదా. నువ్వు చెప్పు, ఎవరు వీడు?"

ఇక్కడ ఆ గోలు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. నేనెవరి తల మీదుగానూ దూకలేదు. నేను స్కేట్ల మీద నిలబడితేనే గొప్ప. ఆ రోజు జట్టులో మనిషి తక్కువై నన్ను దింపారు. యూనివర్సిటీ గోలు ముందు నాలుగు కాళ్ళ మీద పడి లేవలేకపోతుంటే ఓన్ని బంతికి బదులు ఆడే బిళ్ళను రెయినోకు అందించాడు, రెయినో బలంగా కొట్టాడు, అది నా పిర్రకు తగిలి వలలోకి పోయింది. వారం పాటు కూర్చోలేకపోయాను. ఇద్దరూ నన్ను చెరో భుజం మీద ఎత్తుకుని రింకంతా తిప్పారు. ఓన్ని అరిచాడు, రెయినో నవ్వాడు. అరిచే నోరూ నవ్వే నోరూ తెలుసు నాకు. పెట్టెలో ఉన్న నోరు ఏ చప్పుడూ చెయ్యలేదు.

"తెలీదు," అన్నాను.

ఏప్రిల్ వచ్చింది. నేల కొద్దిగా మెత్తబడగానే ఒక్కొక్క పెట్టే శ్మశానానికి వెళ్ళిపోయింది. రింకు మధ్యలో ఆ ఒక్క పెట్టె మిగిలింది. మంచు పైన నీళ్ళు నిలవడం మొదలైంది. పాస్టరు గారు వచ్చి, ఇద్దరి మధ్యా నిలబడి గొంతు సవరించుకున్నారు.

"నిజంగా ప్రేమ ఉన్నవాళ్ళు వదులుకుంటారమ్మా," అన్నారు.

"బిడ్డను నరికి ఇద్దరు తల్లులకూ పంచమన్న ఆ రాజుగారి కథ మాకూ వచ్చు పాస్టరు గారూ," అంది సైమా. "మీ దగ్గర నేర్చుకున్నదే. మేం వదలం."

"ఇద్దరం వదిలేస్తే అప్పుడేం చేస్తారు? కత్తి తెచ్చారా?" అంది హిల్యా.

ఆ చలికాలంలో వాళ్ళిద్దరూ నవ్వడం అప్పుడే చూశాను. పాస్టరు గారు తడిసిన బూట్లతో వెళ్ళిపోయారు.

మర్నాటికి నీళ్ళు పెట్టె అడుగును అందుకున్నాయి. పలకలు కదులుతున్నాయి. "ఇవాళ తీసుకెళ్ళకపోతే రేపు ఇది పడవవుతుంది," అన్నాను. ఎవరూ నవ్వలేదు. మంచు బండి మీంచి పీపా దించేశాను. పెట్టె ఎక్కించాం. తాడు ఒక పక్క సైమా, ఒక పక్క హిల్యా, మధ్యలో నేను. బురదమంచులో బండి కూరుకుపోతే ముగ్గురం ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ లాగాం. దారిలో పోట్లాట లేదు. ఊపిరి లేదు కనక.

శ్మశానంలో గొయ్యి తవ్వేవాడు కుంచె పట్టుకుని చెక్క శిలువ ముందు కూర్చుని ఉన్నాడు. "ఏం పేరు రాయను?" అన్నాడు.

"ఓన్ని అని రాయి," అంది హిల్యా.

సైమా తాడు వదిలేసింది. "ఏంటే, జాలి చూపిస్తున్నావా నా మీద?"

"జాలీ లేదు, గీలీ లేదు. నేను శనివారం రైలుకు డెట్రాయిట్ వెళ్ళిపోతున్నాను, మా అక్క దగ్గరికి. ఇక్కడుంటే ఆ గోడ వంక చూస్తూ పిచ్చెక్కుతుంది నాకు. నేను పోయాక ఇక్కడికొచ్చి కూర్చునేదెవరు? నీ కొడుకని రాస్తే నువ్వు రోజూ వస్తావు. నా మొగుడని రాస్తే ఒక్కరోజూ రావు. వీడు రెయినో అయితే మాత్రం, ఒంటరిగా ఎందుకుండాలి పెద్దమ్మా?"

"రెయినో అని రాసినా వచ్చేదాన్ని," అంది సైమా.

"వచ్చేదానివి కాదు."

ముసలావిడ గొయ్యి వైపు చూసింది. "కాదు," అంది. "నిజమే. వచ్చేదాన్ని కాదు."

గొయ్యి తవ్వేవాడు ఓన్ని పేరు రాశాడు. మట్టి లోపల ఇంకా గడ్డలుగానే ఉంది. పెట్టె మీద పడుతుంటే ఎవరో తలుపు కొడుతున్నట్టుంది.

హిల్యా శనివారం వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. సైమా రోజూ కెటిల్ పట్టుకుని ఆ సమాధి దగ్గరికి వచ్చేది, రెండు కప్పులు పోసేది. ఒకటి తనకు. రెండోది ఎవరికని అడిగితే, "గోడ వెనకున్నవాడికి. వాడెవడైతే వాడికి," అనేది. ఆమె కూడా ఒక ఫిబ్రవరిలో పోయింది. నేల మెత్తబడేదాకా రాతిగదిలో ఆమె పక్కన కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కాఫీ నాకు అంత బాగా పెట్టడం రాదు.

ఇక ముందు చెప్పిన ఆ గుండ్రటి మచ్చ. అది నేను కల్పించాను. కెటిల్ పెట్టిన చోట గుంట పడిన మాట నిజమే. కానీ ఏటా ఏప్రిల్లో నీళ్ళయిపోయి మట్టిలోకి ఇంకిపోయే మంచులో మచ్చ ఎక్కడ నిలుస్తుంది? అక్కడ ఏమీ లేదు. నేను చాలాసార్లు వెతికాను. రెండు కప్పుల సంగతి మాత్రం కల్పన కాదు. చల్లారిపోయాక ఆ రెండో కప్పు నాకే ఇచ్చేది.