చెంచాడు ఉప్పు

ఎస్తేరమ్మ అంతలా భయపడడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. పాము కనబడితే కర్ర అందుకునే మనిషి. అలాంటిది, ఏడాదిన్నర మనవడు జోసెఫ్ తెల్లవారుజాము నుంచి విరేచనాలతో వడలిపోతుంటే వాడిని ఒళ్లోంచి దించడానికే భయపడింది. కొడుకు జయపాల్ సంగం ఊరికి వరికోతలకు పోయాడు. నర్సు ఇచ్చిన, నీళ్లలో కలిపి తాగించే మందు ప్యాకెట్లు అయిపోతే, ఇంకొన్ని తేవడానికి కోడలు సుజన సీతారామపురం నుంచి వచ్చే బస్సెక్కి ఉదయగిరి పోయింది. బిడ్డ తేరుకోకపోతే మధ్యాహ్నం బస్సుకు ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకుపోవాలి. అంతదాకా వాడి ప్రాణం ఈవిడ చేతుల్లోనే ఉంది.

పోయిన ఎండాకాలం నర్సు రెబెకమ్మ ఊళ్లో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఉప్పూ చక్కెరా నీళ్లు కలపడం నేర్పింది. గ్రాములంటే ఈ ఇళ్లలో ఎవరికి కావాలి? అందుకే గోవిందయ్య అంగడి త్రాసులో తూచి చూసి, పెద్ద చెంబెడు నీళ్లకు అంచుకు సమంగా చెంచాడు రాళ్ల ఉప్పు, గుప్పెడు చక్కెర అని లెక్క కట్టిపెట్టింది. కలిపినవాళ్లు ముందు తాము రుచి చూసి తీరాలని మరీ మరీ చెప్పింది.

ఎస్తేరమ్మ అందులో ఒక్క ముక్క మరిచిపోలేదు. కానీ ఆ పొద్దున ఉపవాసం పట్టింది. బిడ్డ కోలుకునేదాకా నాలుక మీద చుక్క నీళ్లు కూడా పడనివ్వనని దేవుడికి మాటిచ్చింది. ఇచ్చిన మాట తప్పే రకం కాదు గనక నీళ్లు కలిపింది కానీ రుచి చూడలేదు. చెంచా అదే, చెంబూ అదే కదా అని ధైర్యం. ఉప్పు మాత్రం అది కాదు. ఆ నెల అంగట్లో రాళ్ల ఉప్పు దొరక్క, కొత్తగా వచ్చిన మెత్తటి ప్యాకెట్ ఉప్పు తెచ్చుకున్నారు.

చెంచాతో కొంచెం కొంచెంగా గ్లాసుడు తాగించింది. తాగేకొద్దీ వాడు ఇంకా దాహమని గ్లాసు మీద పడ్డాడు, పెదవులు నాక్కున్నాడు, కీచుగా ఏడ్చాడు. గడ్డం మీద కారిన నీళ్లు ఆరి తెల్లగా చారకట్టాయి. ఆ చార చూసేసరికి ఎస్తేరమ్మకు ఉప్పు ఎక్కువైందేమోనని అనుమానం వచ్చింది.

రుచి చూస్తే మాట తప్పినట్టు. ఆ కోపం దేవుడు ఎవరి మీద చూపిస్తాడో తెలియదు. చూడకపోతే బిడ్డకు తాను ఏం తాగించిందో తెలియదు.

"ప్రభువా, నన్నేమన్నా చెయ్యి. వాడి జోలికి పోబాక," అని వేలు ముంచి నోట్లో పెట్టుకుంది.

ఊరగాయ ఊటలా ఉంది.

గోడ అవతలి మాలకొండమ్మను కేకేసి రాళ్ల ఉప్పు తెమ్మంది. దాంతో కొత్తగా కలిపి, ఈసారి రుచి చూసి మరీ పోసింది. అదే చెంచాకు అంత ఉప్పగా ఎలా అయిందోనని మాలకొండమ్మకు మాత్రం అనుమానం తీరలేదు. చెంచాడు రాళ్ల ఉప్పు రోట్లో మెత్తగా నూరి, మళ్లీ అదే చెంచాలో పోసి చూసింది. సగమే నిండింది.

"రాళ్ల సందుల్లో ఉండేది గాలే వదినా. పొడితో నింపినావంటే రెండింతలు పడినట్టే," అంది.

రెండింతలు, అదీ తన చేత్తోనే. ఎస్తేరమ్మ దేవుడికి మొహం చూపించలేక ప్రార్థన కూడా మానేసి, చెంచా తర్వాత చెంచా పోస్తూ కూర్చుంది.

మందు ప్యాకెట్లతో బస్సు దిగి వచ్చిన సుజనకు ఏదీ దాచకుండా చెప్పేసింది. సుజన ఆత్మకూరు పోదామని, బిడ్డను ఇమ్మని చేతులు చాచింది. సరిగ్గా అప్పుడే ఎస్తేరమ్మ ఒడి వెచ్చగా తడిసింది. పొద్దుటి నుంచి వాడు ఒక్క చుక్క ఉచ్చ పోయలేదు; ఉచ్చ వస్తే ఒంట్లో నీళ్లు నిలిచినట్టేనని రెబెకమ్మ చెప్పింది. నమ్మకం కుదరక చెయ్యి పెట్టి చూసుకుంది.

"పోసినాడు సుజనా," అంది.

మాలకొండమ్మ చీర మార్చుకోమంది. సుజన చాచిన చేతులు అలాగే ఉన్నాయి. కదిలితే ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతో ఎస్తేరమ్మ ఊపిరి బిగబట్టి అలాగే కూర్చుంది.