ఏడో ఫ్లాపీ

"కంప్యూటర్లో కొత్త సిస్టమ్ వేయించుకునేవాళ్ళని చూశాను గానీ, పాతది వేస్తానని కూర్చునే మనిషిని ఇదే చూడటం" అన్నాడు మా ఆయన. అప్పుడు నేను బఠానీలు ఒలుస్తున్నాను. గిన్నె ఒళ్ళో ఉంది, కంప్యూటరు ఎదురుగా బల్ల మీద ఉంది. దాని తెర వెనక భాగం ఎంత పొడుగంటే, బల్లని గోడ నుంచి ఒక మూర ఇవతలికి జరపాల్సి వచ్చింది. "నడిచే దారి పోయింది" అన్నది ఆయన రెండో మాట. ఇక మూడోది, మా పెళ్ళయినప్పటి నుంచి ఈ ఇంట్లోకి మీట ఉన్న వస్తువు ఏది వచ్చినా అనే మాట. "నువ్వు ముట్టుకోకు. ఏదో ఒకటి చెరుపుతావు."

దాన్ని పాత సామాన్ల షాపులో ఇస్త్రీ పెట్టెల పక్కన చూశాను. కుట్టు కార్ఖానాలో ఎనిమిదేళ్ళు నేను కూర్చున్నది సరిగ్గా ఇలాంటిదాని ముందే. అదే కంపెనీ, అదే నంబరు. షాపతను మీట నొక్కి చూపించాడు. తెర మీద బొమ్మ రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆలోగా అతను రెండు ఫ్యాన్లు అమ్మాడు. కంప్యూటర్ని నడిపించే సిస్టమ్ ఎవరో దాని మీద తర్వాతి కాలపుది ఎక్కించారు, దాని బరువు ఇది మోయలేకపోతోంది. ఇంకా కొత్తది వేసిస్తానన్నాడు అతను. వద్దని, ఫ్లాపీ పెట్టే చోటు పని చేస్తే చాలని చెప్పాను. ఎక్కడో వెతికి ఒక ఫ్లాపీ తెచ్చి పెట్టాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. లోపల గరగరమంది. ఆ చప్పుడు విని ఇరవై రెండేళ్ళయింది. ఎందుకు నవ్వుతున్నారమ్మా అని అతను అడిగినప్పుడు గానీ నేను నవ్వుతున్నానని నాకు తెలియలేదు.

కార్ఖానాలో నా పని ప్యాటర్న్‌లు గీయడం. చొక్కా ముందు భాగం, వెనక భాగం, చేయి, కాలరు ఏ కొలతకి ఎలా కోయాలో కంప్యూటర్లో గీసి కటింగ్ మాస్టరుకి ఇచ్చేదాన్ని. ఆడవాళ్ళ చొక్కాలకి నేను జేబులు గీసేదాన్ని, యజమాని తీసేయించేవాడు. వాళ్ళకి సంచీ ఉంటుందిగా అనేవాడు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య కూడా ఆయన వైపే మాట్లాడింది. "ఆడదాని జేబులో పెట్టుకోవడానికి ఏముంటుంది, తాళంచెవులు తప్ప?" మర్నాటి నుంచి భోజనాల వేళ నా సొంత పని మొదలుపెట్టాను. మిషన్ల మీద కూర్చునేవాళ్ళని ఒక్కొక్కరినే నిలబెట్టి కొలిచాను. కార్ఖానా కొలతలన్నీ షాపు అద్దం వెనక నిలబెట్టే బొమ్మవి. మావాళ్ళు బొమ్మలు కారు. ఒకరికి మూడో కాన్పు తర్వాత నడుము వెడల్పయింది. ఒకరికి రోజుకి తొమ్మిది గంటలు వంగి మెడ ముందుకి వచ్చింది. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి, రెండేసి జేబులతో, మనిషికొక ప్యాటర్న్ గీశాను. నలభై అయ్యాయి. మూడు ఫ్లాపీల్లో దాచుకున్నాను. తర్వాత అత్తయ్య జారిపడి తుంటి విరిగింది. అప్పటికి మా అమ్మాయి పాకుతోంది. "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అన్నాడు మా ఆయన. ఆ ఎవరో ఒకరు ఎవరో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. కప్పులో టీ చల్లారేలోగా ఆ నిర్ణయం అయిపోయింది.

పోయిన నెల కాజాలక్క రిటైరైంది. ముప్ఫై ఏళ్ళు కార్ఖానాలో కాజాలు కుట్టింది, ఆ పేరే మిగిలింది. అప్పట్లో నేను ఆమె కొలతకి కుట్టిచ్చిన చొక్కా మోచేతుల దగ్గర చిరిగిపోయిందట, అలాంటిదే ఇంకొకటి కావాలని ఫోన్ చేసింది. ఆమె కాక ఇంకో ఆరుగురు అడుగుతున్నారంది. ఆ ప్యాటర్న్‌లు కార్ఖానాలో లేవు, యజమాని కొడుకు పాతవన్నీ పారేయించాడు. కొత్త కంప్యూటర్లలో ఆ ఫైళ్ళు తెరుచుకోవని ఇద్దర్ని అడిగి రూఢి చేసుకున్నాను. ఆ కంప్యూటరు, దానితో వచ్చిన మొదటి సిస్టమ్, దాని మీద ప్యాటర్న్‌లు గీసే ఆ కాలపు సాఫ్ట్‌వేరు, మూడూ ఉంటేనే నా నలభై మందీ బయటికొస్తారు.

కార్ఖానా నుంచి తెచ్చుకున్న ఫ్లాపీలున్న బిస్కెట్ల డబ్బా అటక మీద నుంచి దించి మూత తీశాను. సిస్టమ్‌వి పదమూడు, సాఫ్ట్‌వేరువి రెండు, నావి మూడు, రెండు దొంతరలుగా ఉన్నాయి. ఒక దొంతర మీద, సూదులు అంటుకున్న అయస్కాంతం ఉంది. కింద పడ్డ గుండుసూదులు ఏరడానికి కార్ఖానాలో ప్రతి బల్లకీ ఒకటి వేలాడేది. మానేసినప్పుడు నాది తెచ్చుకున్నాను. అయస్కాంతం తగిలితే ఫ్లాపీలో ఉన్నది చెరిగిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు నేను చెప్పే మొదటి మాట అదే. ఆ నేనే పెట్టి ఉంటాను, ఇంకెవరు పెడతారు? అప్పటి హడావిడిలో ఏది ఎక్కడ పడేశానో నాకే తెలియదు. మా ఆయన కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి, చెరుపుతుందని నేను అంటూనే ఉన్నాను, ఇరవై రెండేళ్ళ ముందే చెరిపి అటక మీద పెట్టింది అని చెప్పాడు. అత్తయ్య తన కుర్చీలోంచి అంతా వింది.

ఆదివారం పొద్దున తొమ్మిదికి మొదటి ఫ్లాపీ పెట్టాను. అది అడిగిన మొదటి ప్రశ్న, ఇందులో ఉన్నదంతా చెరిపేయాలా అని. ముట్టుకోకు, చెరుపుతావు అన్న ఇంట్లో కూర్చుని అవునని నొక్కాను. ఖాయమేనా అని మళ్ళీ అడిగింది. మళ్ళీ నొక్కాను. పదకొండు నిమిషాలు పట్టే ఆ సిస్టమ్ పోయింది. నాకు ఈల వేయడం వచ్చుంటే వేసేదాన్ని.

ఒక్కో ఫ్లాపీ చదవడానికి నాలుగు నిమిషాలు. రెండోది పెట్టి గిన్నెలు కడిగాను, మూడోది పెట్టి బట్టలు ఆరేశాను, నాలుగోది పెట్టి అత్తయ్యకి మందులిచ్చాను. నాలుగేసి నిమిషాలకి పిలుస్తుంది, పరిగెత్తుకెళ్ళి తర్వాతిది పెట్టాలి. ఇది నాకు అలవాటైన బతుకే. ఈ ఇంట్లో నన్ను పిలవకుండా తన పని తను చూసుకునే మనిషి గానీ వస్తువు గానీ లేదు. కానీ దీనికొక తేడా ఉంది. తెర మీద ఒక నీలం గీత, ఎంత శాతం అయిందో చూపిస్తుంది. ఇరవై, ముప్ఫై ఒకటి, నలభై. బట్టల బుట్ట చంకలో పెట్టుకుని ఆ గీత వైపు చూస్తూ నిలబడిపోయాను. ఇన్నేళ్ళుగా నేను చేసిన పనిలో ఎంత శాతం అయిందో చూపించే గీత ఏ గోడ మీదా లేదు. కడిగిన గిన్నె మళ్ళీ సింకులోకి వస్తుంది, మడిచిన బట్ట మళ్ళీ బుట్టలోకి వస్తుంది. ఇక్కడ నలభై అయితే నలభై అయినట్టే. తర్వాత నలభై ఒకటే వస్తుంది.

యాభై రెండు దగ్గర ఆగింది. ఏడో ఫ్లాపీ చదవలేకపోతున్నానంది. తీసి తుడిచి పెట్టాను. చదవలేనంది. అయస్కాంతం కింద ఉన్నది అదే. నావి మూడూ రెండో దొంతరలో పక్కనే ఉన్నాయి. అవి బతికున్నాయో లేదో చూడాలన్నా ముందు ఈ సిస్టమ్ లేవాలి.

కటింగ్ బల్ల దగ్గర మాకొక పద్ధతుంది. అట్ట మీద ఏ నమూనా కోసినా రెండు కోయాలి, ఒకటి వాడకానికి, ఒకటి కొక్కేనికి తగిలించి దాచడానికి. వాడేది పాడైతే కొక్కేనిది దించుతారు. ఆ లెక్కనే నేను కార్ఖానా సిస్టమ్ ఫ్లాపీలన్నిటికీ రెండో సెట్టు తీశాను. నావాటికి తీయలేదు. నా పనికి కొక్కెం అడగాలని నాకే తోచలేదు. ఆ రెండో సెట్టు, నేను మానేశాక కార్ఖానాలో కొత్త కంప్యూటర్లు వచ్చిన రోజు కాజాలక్క ఇంటికి పట్టుకెళ్ళింది. ఫోన్ చేసి ఉన్నాయా అని అడిగాను.

ఉన్నాయి, సంచీ అడుగున కుట్టేశానంది. అడుగు గట్టిగా ఉండడానికి అట్ట పెడితే వానకి తడుస్తుందని, పదమూడూ పరిచి పైన గుడ్డ వేసి కుట్టిందట. ఆ సంచీ పట్టుకునే రోజూ కార్ఖానాకి వెళ్ళేదట. సంచీ మూతకి అయస్కాంతం బొత్తాం లేదు కదా అని భయపడుతూ అడిగాను.

"నాకు బొత్తాం, కాజా తప్ప ఇంకొకటి పెట్టడం వచ్చా పిల్లా?" అంది.

ఆ రాత్రంతా కంప్యూటరు ఆపలేదు. మర్నాడు భోజనాల తర్వాత కాజాలక్క బస్సెక్కి వచ్చింది. నా బల్ల మీదే సంచీ తిరగేసి, బ్లేడుతో కుట్లు విప్పింది. ఏడోది బయటికి తీసి ఊది నా చేతికిచ్చింది. పెట్టాను. ఆకుపచ్చ దీపం వెలిగింది. గరగర. గీత యాభై మూడుకి కదిలింది. కాజాలక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఎనిమిది నుంచి పదమూడు దాకా ఆమే పెట్టింది. నేను గిన్నెలు కడగడానికి లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అవి ఎక్కడికీ పోవని చెప్పింది.

సిస్టమ్ లేచింది. నలభై సెకన్లు పట్టింది, గడియారం చూశాను. ఆ నీలిరంగు, ఆ గంటలాంటి చప్పుడు, అన్నీ అవే. తర్వాత ప్యాటర్న్ సాఫ్ట్‌వేరు వంతు. అది పన్నెండంకెల నంబరు అడిగింది. కాగితం మీద రాస్తే కార్ఖానాలో చెత్తతో పాటు పోతుందని, అప్పట్లో ఆ అంకెల్ని గుడ్డ పట్టీ మీద కుట్టి డబ్బా మూత లోపల అంటించాను. మూత తిప్పి చదివాను. ఒప్పుకుంది. అప్పుడు నా మొదటి ఫ్లాపీ పెట్టాను. పేర్లు ఒకదాని కింద ఒకటి దిగాయి. రెండోది. మూడోది. ఒక్కటీ చెరగలేదు.

"కాజాలు" అన్న ఫైలు తెరిచాను. ఆమె భుజాలు, నడుము, రెండు జేబులు తెర మీదికొచ్చాయి. ఆ నడుము తనదేనా అని చాలాసేపు చూసింది. ఇప్పటి కొలతకి వెడల్పు చెయ్యడానికి ఎంతసేపు పడుతుందంటే, ఒక్క నిమిషమని చెప్పాను. తనకి మాత్రం ఇరవై రెండేళ్ళు పట్టిందని నవ్వింది.

అత్తయ్య చేతికర్ర పట్టుకుని వచ్చి మా వెనక నిలబడింది. జాబితాలో, కార్ఖానావాళ్ళ తర్వాత నలభయ్యోదిగా, "అత్త" అని ఉంది. తెరిచాను. కుడి భుజం ఎడమ దానికంటే రెండు సెంటీమీటర్లు కిందికి గీసి ఉంది. తన భుజం సంగతి నాకెలా తెలుసని అడిగింది. మీ జాకెట్లన్నీ ఆ వైపుకే జారేవి అత్తయ్యా, ఒకటి విప్పి కొలిచానని చెప్పాను. ఆమె ఎడమ చేత్తో కుడి భుజం తడుముకుంది. డెబ్భై ఏడేళ్ళలో ఈ మాట తనకెవరూ చెప్పలేదంది.

మా ఆయన గుమ్మంలో నిలబడి, కాజాలక్కకి అయస్కాంతం కథ మొదలుపెట్టాడు. చెల్లెలికి చెప్పినట్టే, అదే వరసలో. చెరిపి అటక మీద పెట్టింది అనే దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య వెనక్కి తిరిగింది.

"ఇక నవ్వింది చాల్లేరా. ఆ అయస్కాంతం అందులో పెట్టింది నేను. పాకే పిల్లకి సూదులు గుచ్చుకుంటాయని, సూదుల సమేతంగా ఆ డబ్బాలో పడేసి అటక ఎక్కించమన్నాను. ఎక్కించింది నువ్వే."

ఆయన గడియారం వైపు చూసి, పొద్దుపోతోంది, కూర సంగతేంటని అడిగాడు. బఠానీలు ఇంకా ఉన్నాయి, ఒలవండి అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు. తను ముట్టుకుంటే పాడవుతాయేమోనని జోకు వేయబోయాడు.

"పాడైతే రెండో సెట్టు ఉంటుందిలే అన్నయ్యా, ఒలువు" అంది కాజాలక్క.

ఆయన గిన్నె తీసుకుని వరండాలోకి వెళ్ళాడు.

జాబితా ఇంకా అయిపోలేదు. నలభై కింద ఇంకొకటి ఉంది. పేరు "నేను". తెరిచాను. గళ్ళున్నాయి, గీత లేదు. కొలతల పట్టికలో వరసగా సున్నాలు. అప్పుడు గుర్తొచ్చింది. అందరివీ అయ్యాక నాదీ మొదలుపెట్టాను. మెడ ఎముక నుంచి నడుము దాకా వెనక కొలత ఎవరికి వారు తీసుకోలేరు, ఇంకొకరి చేతులు కావాలి. నలభై మందిని కొలిచినదాన్ని, నన్ను కొలవమని ఒక్కరినీ అడగలేదు. భోజనాల గంట అయిపోయేది.

డబ్బాలోంచి టేపు తీసి అత్తయ్యకిచ్చాను. కొలవండి అన్నాను.

ఆమె కర్రని బల్లకి ఆనించింది. నా జడ పక్కకి తప్పించి, మెడ ఎముక మీద వేలు పెట్టింది. "నిటారుగా నిలబడు. ఎప్పుడు చూసినా వంగే ఉంటావు" అంది. నిలబడ్డాను. ఆమె అంకె చెప్పింది, కాజాలక్క సున్నా చెరిపి ఆ అంకె కొట్టింది. భుజం. చేయి. నడుము. ఒక్కో అంకెకీ తెర మీద ఒక గీత పుట్టింది. చివరికి జేబుల దగ్గర ఆగి, ఎన్ని అని అడిగింది కాజాలక్క. రెండు, లోతుగా, మణికట్టు దాకా దిగేలా అన్నాను.

"అంత లోతు జేబుల్లో ఏం పెట్టుకుంటావే?" అంది అత్తయ్య, టేపు చుడుతూ.

"చేతులు" అన్నాను.