అక్షరం చుట్టూ ఖాళీ

…ఠ మధ్యలో ఆ చుక్క పెట్టాలని మొదట ఎవరికి తోచిందో గానీ, ఆ మనిషి దాన్ని ఉడికిన చిలగడదుంపతో చేసి మాత్రం ఉండడు. కొంచెం ఎక్కువ ఉడికితే వేళ్ళ మధ్య చితికిపోతుంది, తక్కువ ఉడికితే వంపు దగ్గర పుటుక్కున విరుగుతుంది. కత్తికి సూటిగా పోవడం ఒక్కటే తెలుసు. మన అక్షరాలకేమో అసలు సూటిగా ఉండటమే తెలియదు. అందుకే ఒక్కో అక్షరం తెగేసరికి చెక్క మీద అక్షరం కన్నా చుట్టూ తెగిపడినదే ఎక్కువ కనిపిస్తుంది. క్యారెట్‌తో అ, బీట్‌రూట్‌తో ఇ, జున్నుతో గ, దాని నెత్తిన కీరదోస తొక్కతో తలకట్టు, ఠ చుక్కకి దానిమ్మ గింజ. పాప స్కూలు డబ్బాలో వీటిని కదలకుండా సర్దాక, మిగిలిన అంచులూ మూలలూ నిలబడే నోట్లో వేసుకుంటాను. అదే నా పొద్దుటి టిఫిను.

"చెవితో విన్నది మర్చిపోతారండీ, నోట్లో పెట్టుకున్నది మర్చిపోరు. ఆటలా నేర్పండి" అని టీచరమ్మ చెప్పిన రోజున మొదలుపెట్టాను ఇదంతా. ఆ రోజే తెగిన ముక్కల్ని చెత్తబుట్టలో వెయ్యబోతుంటే అత్తయ్య చూశారు. "పారెయ్యకు అమ్మాయ్, బంగారంలాంటి తిండి. నువ్వు తినేసెయ్యి" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ తర్వాత నాకంటూ పళ్ళెం పెట్టుకోవాల్సిన అవసరమే లేకుండా పోయింది. ఆయన సాక్సులు వెతుక్కుంటూ వంటింట్లోకి తొంగిచూసి, "ఏంటి, మేడంగారు ఇవాళ ఏ అక్షరం మీద పీహెచ్‌డీ?" అంటారు. నేను నవ్వుతాను. ఆ నవ్వు ఎక్కడినుంచి వస్తుందా అని చాలాసార్లు తవ్వి చూసుకున్నాను. ఎవరో చెయ్యెత్తితే మన చెయ్యి దానంతటదే మొహానికి అడ్డుపడుతుందే, అక్కడినుంచి వస్తుంది.

పోయిన వారం స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం. అత్తయ్యకి నడుం పట్టేసి నేను వెళ్ళలేదు, ఆయన వెళ్ళారు. టీచరమ్మ పాప డబ్బా ఎత్తి అందరికీ చూపించారట. కూరగాయలంటే మూతి ముడుచుకునే పిల్లలు కూడా పక్కడబ్బాలోకి చెయ్యి పెడుతున్నారని చెప్పారట. అందరూ చప్పట్లు కొట్టారట. ఆయన గుమ్మంలో బూట్లు విప్పుతూ ఇదంతా చెప్పి, "క్లాసు మొత్తానికి నువ్వే చేసి పంపిస్తావని మాటిచ్చేశాను. సోమవారం నుంచి" అన్నారు.

"క్లాసు మొత్తానికా?"

"అబ్బ, ఖాళీగానేగా ఉంటావ్! చేతిలో కళ ఉంది, నలుగురు పిల్లలకి పనికొస్తే అరిగిపోతావా?"

ఖాళీ. ఆ మాట నాకు కొత్తదేం కాదు. పెళ్ళికి ముందు పుస్తకాల అట్టల మీద అక్షరాలు రాసేదాన్ని. నాకు పని నేర్పిన పెద్దాయన నా భుజం మీదుగా వంగి చూస్తూ, "నల్లటిది ఎవడైనా చూస్తాడమ్మా. నువ్వు చుట్టూ ఉన్న తెల్లటిది చూడు. ఖాళీ కుదిరితే అక్షరం అదే కుదురుతుంది" అనేవారు. పాప పుట్టాక మానేశాను. మాన్పించారని అనడానికి లేదు. "స్కూలుకి వెళ్ళేదాకా ఆగు, తర్వాత చూద్దాం" అన్నారు ఆయన. పాప స్కూలుకి వెళ్తోంది. ఎవరూ ఏమీ చూడలేదు. నేనూ అడగలేదు. భయంకొద్దీ అడగలేదని అనుకునేదాన్ని గానీ, కాదు. వాళ్ళంతట వాళ్ళకే గుర్తు రావాలని ఎదురుచూశాను. చూడగా చూడగా ఎదురుచూడటమే నా ఉద్యోగమైంది, సెలవు కూడా లేకుండా. ఒకప్పుడు అక్షరం చుట్టూ ఖాళీని చూసిన కళ్ళు నావి. ఇప్పుడు పొద్దున్నే సింకు దగ్గర నిలబడి ఆ ఖాళీనే తింటున్నాను.

ఇదైనా నా ఒక్కదాని సంగతే అయ్యుంటే, ఎప్పటిలా మింగేసి ఊరుకునేదాన్నేమో.

నిన్న ఆదివారం మధ్యాహ్నం. అత్తయ్య సోఫాలో కునుకు తీస్తున్నారు. పాప నేలమీద బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, ఆడుకునే బంకమట్టితో ఏదో చేస్తోంది. ప్లాస్టిక్ కత్తితో వంకరటింకరగా కోసి, ఒక్కో బొమ్మ ముందు ఒక్కో అక్షరం పెట్టింది. ఎలుగుబంటికి అ, కుందేలుకి ఇ. నా గుండె పొంగింది. నాలుగేళ్ళు నిండలేదు, ఇ సున్నాలు ఎంత బాగా తిప్పిందో! దగ్గరికెళ్ళి కూర్చున్నాను.

"ఏం చేస్తున్నారండీ?"

"వంటండీ. నేను వీళ్ళ అమ్మని."

"మరి అమ్మగారికేవీ అక్షరాలు?"

పాప నావైపు జాలిగా చూసింది, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు. తెగిపడిన ముక్కలన్నీ అరచేత్తో ఊడ్చి తన ఒళ్ళో వేసుకుంది. "అమ్మలకి ఇవీ" అంది. లేచి నిలబడి, గోడవైపు తిరిగి, గబగబా నోరు కదిపింది.

గోడవైపు. నేను సింకు వైపు తిరిగే తింటానని అప్పటిదాకా నాకే తెలియదు.

"అట్లా అని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నాకొచ్చు!"

అ చూపించినా, ఇ చూపించినా తలెగరేసి అనే మాటే అది. నాకొచ్చు. సోఫాలోంచి అత్తయ్య కళ్ళు తెరిచి మురిసిపోయారు. "చూశావా అమ్మాయ్, ఎంత బుద్ధిమంతురాలో! అత్తగారింట్లో మాట రానివ్వదు." అని నవ్వబోయి, ఎందుకో మధ్యలో ఆగి, కొంగుతో మొహం తుడుచుకున్నారు.

రోజూ పొద్దున్న రెండు పాఠాలు చెప్పాను నేను. ఒకటి డబ్బాలో పెట్టి పంపాను. ఇంకోటి వీపు తిప్పి చెప్పాను. పిల్ల రెండూ నేర్చుకుంది. అక్షరాలు తప్పుగా నేర్పితే దిద్దించొచ్చు, చెరిపి మళ్ళీ రాయించొచ్చు. దీన్ని ఏ రబ్బరుతో చెరపను?

ఇవాళ సోమవారం. ఆయన గడియారం పెట్టుకుంటూ వచ్చారు. "క్లాసు డబ్బాలేవి? టైమైపోతోంది."

"చెయ్యలేదండీ."

"అదేంటి! మాటిచ్చాను కదా?"

"మాట మీరిచ్చారు. కత్తీ చెక్కా అక్కడే ఉన్నాయి."

ఆయన అత్తయ్య వైపు చూశారు. అత్తయ్య కిటికీ వైపు చూశారు. పాప మాత్రం కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ నన్నే చూస్తోంది. దాని పళ్ళెంలో అ, ఇ పెట్టాను. తెగిన ముక్కలన్నీ ఒక గిన్నెలో వేసి బల్ల మధ్యలో ఉంచాను, ఎవరికి కావలిస్తే వాళ్ళకి. తర్వాత ఇంకో పళ్ళెం తెచ్చుకున్నాను. ఇవాళ ఎక్కడా విరగని ఠ అందులో పెట్టుకుని, చుక్క సర్దుకుని, పాపకి ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, అది ఎవరిదీ?"

కూర్చునే, దాని కళ్ళలోకి చూస్తూ, చుక్కతో సహా కొరికాను.